రాత్రి దరువు – 7: జెఫర్సన్ వీధి గిడ్డంగి

పోయిన భాగం న్యూయార్క్‌లో ఆగింది. సొంత ఇంటినే నాట్యశాల చేసిన డేవిడ్ మన్‌కూసో కథ చెప్పుకున్నాం. 'గ్యాలరీ' క్లబ్బులో బెలూన్లు ఊదుతూ, గోడలకు అలంకరణలు కడుతూ రికార్డుల విద్యను కళ్ళతో నేర్చుకున్న ఇద్దరు కుర్రవాళ్ళనూ చూశాం. ఒకడు లారీ లెవాన్. రెండోవాడు 1955 జనవరి 18న బ్రాంక్స్‌లో పుట్టిన ఫ్రాన్సిస్ నికోల్స్. బట్టల డిజైను చదువుతున్న ఈ పిల్లవాణ్ణి స్నేహితులు ఫ్రాంకీ నకల్స్ అనేవారు. ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు 'కాంటినెంటల్ బాత్స్'లో రికార్డులు వేశారు. ఆ చోటు మూతపడింది. ఫ్రాంకీ చేతిలో పని లేదు.

సరిగ్గా అప్పుడే చికాగో నుంచి పిలుపు వచ్చింది. కానీ ఫ్రాంకీకి కాదు, లారీకి.

పిలిచినవాడు రాబర్ట్ విలియమ్స్. న్యూయార్క్‌లో పెరిగి చికాగోలో స్థిరపడ్డవాడు. న్యూయార్క్‌లో తాను చూసిన రాత్రులను చికాగో నల్లజాతి కుర్రకారుకు కూడా చూపించాలన్నది అతని పట్టుదల. అందుకు లారీ కావాలనుకున్నాడు. లారీకేమో న్యూయార్క్ వదలడం ఇష్టం లేదు, తన స్నేహితుణ్ణి తీసుకెళ్ళమన్నాడు. 1977లో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఫ్రాంకీ చికాగో చేరాడు. ఇంకొకడికి వేసిన పీటమీద కూర్చోవడానికి వెళ్ళినవాడు చివరికి ఆ ఊరివాడే అయిపోయాడు.

కొత్త క్లబ్బు సౌత్ జెఫర్సన్ వీధిలో 206వ నంబరు ఇల్లు. మూడంతస్తుల పాత కట్టడం, ఫ్యాక్టరీలూ గోదాములూ ఉన్న పేట. రాత్రయితే ఆ పక్కకు ఎవరూ రారు, అందుకే చప్పుడు ఎంతయినా అడిగేవాళ్ళు లేరు. క్లబ్బుకు 'వేర్‌హౌస్' అన్న పేరే స్థిరపడింది. మన మాటల్లో గిడ్డంగి. పైన కూర్చునే చోటు, మధ్య అంతస్తులో నాట్యం, కింద పళ్ళరసం, మంచినీళ్ళు, చిరుతిళ్ళు. మద్యం అమ్మేవారు కాదు. మద్యం లేదు కనుక బార్లకు వర్తించే వేళల నిబంధన దీనికి అంటదు. శనివారం రాత్రి తలుపు తీస్తే ఆదివారం మధ్యాహ్నం దాకా మూసేది లేదు. శివరాత్రి జాగారం చేసినవాళ్ళకు ఆ వేళల సంగతి తెలుసు. అర్ధరాత్రి దాటాక ఒళ్ళు బరువెక్కుతుంది, మూడింటికి తూలుతుంది, నాలుగున్నర తరువాత ఎక్కడినుంచో కొత్త ఓపిక వస్తుంది. ఫ్రాంకీ పని ఆ మూడు దశలనూ దాటించడం.

ఎవరు వచ్చేవారు అక్కడికి? ఎక్కువగా నల్లజాతి గే యువకులు, వాళ్ళతోపాటు లాటినోలు. ఆ నాటి చికాగో పేటల వారీగా, రంగుల వారీగా చీలిపోయిన ఊరు. తెల్లవాళ్ళ గే బార్లలో నల్ల కుర్రవాడు గుమ్మం దగ్గరే ఆగిపోవలసి వచ్చేది, అతణ్ణి ఒకటికి రెండు గుర్తింపు కార్డులు అడిగేవారు. సొంత పేటకు వెళితే చర్చీ, ఇల్లూ, ఇరుగుపొరుగూ అతని ప్రేమను ఒప్పుకోవు. రెండు చోట్లా తలుపు మూసుకున్నవాడికి వారానికి ఒక రాత్రి తెరుచుకునే తలుపు ఇది. దారి తప్పారని లోకం వెలివేసిన పిల్లలకు ఇదే చర్చి అనేవాడు ఫ్రాంకీ. అతిశయోక్తి అనిపించవచ్చు. కానీ ఆదివారం పొద్దున ఊరంతా గుడిగంటలు వింటున్న వేళకు వీళ్ళు చెమటలో తడిసి, చేతులు పైకెత్తి, గాస్పెల్ గొంతులున్న గాయనుల పాటలకు ఊగుతున్నారన్నది నిజం. ఆ గొంతులు చర్చి నుంచే వచ్చినవి.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. డీజే అంటే ఇవాళ మన ఊళ్ళలో నిమజ్జనం ఊరేగింపులో ట్రాక్టర్ మీద పేర్చిన సౌండ్ బాక్సులు గుర్తుకొస్తాయి. వేర్‌హౌస్ కాలంలో డీజే అంటే మనిషి. రెండు టర్న్‌టేబుళ్ళు, ఒక మిక్సరు, పక్కన రికార్డుల పెట్టెలు. ఒక రికార్డు నడుస్తుండగానే రెండోదాన్ని చెవి ఫోన్లో విని, వేగం సరిచేసి, దరువు మీద దరువు పడేలా కలపాలి. ఎక్కడ కలిసిందో ఆడేవాడికి తెలియకూడదు.

రెండేళ్ళు అలా గడిచాయి. అప్పుడొచ్చింది 1979 జూలై 12.

చికాగోలో స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత ఉండేవాడు. అతను పనిచేసే స్టేషన్ రాక్ సంగీతం వదిలి డిస్కోకు మారినప్పుడు ఉద్యోగం పోయింది. వేరే స్టేషన్‌లో చేరి, డిస్కో మీద కక్షను రోజువారీ కార్యక్రమం చేసుకున్నాడు. చివరకు కమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో ఒక ఏర్పాటు జరిగింది. ఒక డిస్కో రికార్డు తెచ్చినవాడికి టికెట్ 98 సెంట్లే. రెండు మ్యాచ్‌ల మధ్య ఆ రికార్డులన్నీ మైదానం నడుమ పోగుపెట్టి పేల్చేస్తారు. దాదాపు యాభై వేలమంది కిక్కిరిశారు. పేలుడు జరిగింది. వేలమంది మైదానంలోకి దూకారు, మంటలు వేశారు, గడ్డి పీకారు. రెండో మ్యాచ్ జరగలేదు.

ఆ రోజు ఆ మైదానంలో సీట్లు చూపించే ఉద్యోగంలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రవాడు ఉన్నాడు. సింథసైజర్ కొనుక్కోవడానికి డబ్బు కూడబెట్టుకుంటున్నాడు. జనం తెస్తున్న రికార్డులను చూస్తే వాటిలో డిస్కో కానివి చాలా కనిపించాయి. సోల్, ఫంక్ పాటలు, మొత్తంమీద నల్లవాళ్ళ రికార్డులు. పేలుతున్నది ఒక ఫ్యాషన్ మాత్రమే కాదని అతనికి అక్కడే అర్థమైంది. ఈ కుర్రవాడి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.

ఆ రాత్రి తరువాత రికార్డు కంపెనీలు డిస్కో అన్న మాటకే జంకాయి. పాటలు తీయడం తగ్గించాయి, డిస్కో విభాగాలు మూసేశాయి. రేడియోలు ముఖం తిప్పుకున్నాయి. కానీ జెఫర్సన్ వీధిలో శనివారం రాత్రి మాత్రం యథాప్రకారం వచ్చేది. ఆడేవాళ్ళు వచ్చేవారు. వాళ్ళకు వేయడానికి కొత్త పాటలే కరువయ్యాయి.

ఈ గిడ్డంగి పాటలకే తరువాత హౌస్ సంగీతం అన్న పేరు వచ్చింది. దాని పుట్టుక గురించి రాసేవాళ్ళు చాలామంది యంత్రాల దగ్గర మొదలుపెడతారు. నాకు ఆ లెక్క నచ్చదు. యంత్రాలు తరువాత వచ్చాయి. ముందు వచ్చింది కరువు. ఉన్న పది పాటలనే వంద రకాలుగా వండుకోవలసిన అవసరం ఫ్రాంకీని కళాకారుణ్ణి చేసింది.

అతని వంటిల్లు ఒక స్పూల్ టేపు రికార్డరు. సౌండ్ ఇంజినీరింగ్ చదువుతున్న ఎరాస్మో రివేరా అనే స్నేహితుడు పనితనం నేర్పాడు. పాటలో గాయని ఆగి, వాద్యాలు తప్పుకొని, డ్రమ్మూ బేసూ మాత్రమే మిగిలే చిన్న ముక్క ఒకటుంటుంది. ఆడేవాళ్ళు కాచుకొని కూర్చునేది దానికోసమే. రికార్డులో అది కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఫ్రాంకీ ఆ ముక్కను టేపు మీదికి మళ్ళీ మళ్ళీ ఎక్కించి, బ్లేడుతో కోసి, అంటించి, నిమిషాల తరబడి సాగదీసేవాడు. కింద దరువు బలం పెంచేవాడు. గాయని గొంతును ఆలస్యం చేసి, ఇక రాదేమో అనుకున్నప్పుడు విడిచేవాడు. మన పద్యనాటకాల్లో రాగం తీసిన చోట జనం "వన్స్ మోర్" అని కేకలు పెడితే నటుడు పద్యం మళ్ళీ ఎత్తుకునేవాడు కదా. ఫ్రాంకీ ఆ కేక వినబడకముందే దాన్ని టేపులో కట్టి ఉంచుకున్నాడు. ఫస్ట్ చాయిస్ బృందం పాడిన 'లెట్ నో మ్యాన్ పుట్ అసండర్' అలా వేర్‌హౌస్ సొంత పాట అయిపోయింది.

ఫిలడెల్ఫియా పాటల్లోని తంత్రీవాద్యాల పక్కన ఐరోపా సింథసైజర్ల చల్లని స్వరాలు, ఇటలీ నుంచి దిగుమతైన డిస్కో, అన్నీ కలిపాడు. ఒక్కోసారి దీపాలన్నీ ఆర్పేసి రైలు చప్పుడు రికార్డు వేసేవాడు. చీకట్లో ఇంజన్ ఒక గోడ నుంచి ఇంకో గోడకు దూసుకుపోతున్నట్టు ఉండేదట, జనం గావుకేకలు పెట్టేవారు.

'హౌస్' అన్న పేరు ఈ గిడ్డంగి పేరులో చివరి ముక్కే. ఇంపోర్ట్స్ ఎట్‌సెట్రా అనే రికార్డు దుకాణానికి కుర్రవాళ్ళు వచ్చి, వేర్‌హౌస్‌లో విన్న పాట ఉందా అని అడిగేవారు. దుకాణంవాళ్ళు ఆ రికార్డులను విడిగా పెట్టి 'వేర్‌హౌస్‌లో విన్నవి' అని చీటీ రాశారు. చీటీ కురచైపోయి 'హౌస్' మిగిలింది. ఫ్రాంకీ చెప్పే కథ వేరు. కారులో వెళుతుంటే ఒక బారు కిటికీలో 'ఇక్కడ హౌస్ సంగీతం వేస్తాం' అన్న బోర్డు కనబడి, అదేమిటని అడిగితే, నువ్వు వేసేదే కదా అన్నారట. రెండు కథలూ ఒకే సంగతి చెబుతున్నాయి. పేరు పెట్టింది అతను కాదు, విన్నవాళ్ళు.

పేరు ఊరికి పాకగానే గిడ్డంగికి చిక్కులు మొదలయ్యాయి. గేలు కాని కుర్రవాళ్ళు, దూరపు పేటలవాళ్ళు వచ్చిపడ్డారు. 1982 చివరికి విలియమ్స్ ప్రవేశ రుసుము రెట్టింపు చేశాడు. తన మనుషులకు చోటు ఇరుకవుతోందని ఫ్రాంకీకి తోచింది. బయటికి వచ్చి, 1983లో 'పవర్ ప్లాంట్' పేరుతో సొంత క్లబ్బు తెరిచాడు. విలియమ్స్ ఊరుకున్నాడా? 'మ్యూజిక్ బాక్స్' అని ఇంకో క్లబ్బు పెట్టి, రాన్ హార్డీ అనే డీజేని కూర్చోబెట్టాడు. ఒకే ఊళ్ళో రెండు మేళాలు.

ఈ ఇద్దరి పోటీ చికాగో కుర్రవాళ్ళకు అప్పట్లో పెద్ద కాలక్షేపం. ఫ్రాంకీది నిండుతనం. పాట ఎక్కడ మొదలై ఎక్కడికి పోవాలో ముందే తెలిసినవాడి నిదానం. ధ్వని శుభ్రంగా ఉండాలి, గొంతు వినబడాలి. హార్డీది పూనకం. రికార్డు వేగం పెంచేవాడు, బేసు అదరగొట్టేవాడు, ఒక్కోసారి టేపును వెనక్కి తిప్పి వేసేవాడు. పవర్ ప్లాంట్ నుంచి వచ్చినవాడు పాటల గురించి చెప్పేవాడు, మ్యూజిక్ బాక్స్ నుంచి వచ్చినవాడు తనకేమైందో చెప్పేవాడు.

ఫ్యూచర్ అనే ముగ్గురు కుర్రాళ్ళ బృందం కథ హార్డీ సంగతి చెబుతుంది. రోలాండ్ కంపెనీ చేసిన టీబీ-303 అనే చిన్న పెట్టె ఒకటి ఉంది. బేస్ గిటారు లేని లోటు తీర్చడానికి చేశారు గానీ దాని ధ్వని ఎవరికీ నచ్చక అమ్మకాలు పడిపోయి, పాత సామాన్ల కొట్లలో చౌకగా దొరికేది. ఈ కుర్రాళ్ళు దాని మీటలు ఇష్టం వచ్చినట్టు తిప్పితే కీచుమంటూ, గుర్రుమంటూ వింత స్వరం వచ్చింది. అది టేపు చేసి హార్డీకి ఇచ్చారు. మొదటిసారి వేస్తే జనం నేల ఖాళీ చేశారు. అదే రాత్రి రెండోసారి వేశాడు, మూడోసారి వేశాడు. నాలుగోసారికి జనం ఊగిపోయారు. 1987లో 'యాసిడ్ ట్రాక్స్' పేరుతో అది రికార్డుగా వచ్చింది. మన బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు 1982లోనే ఇదే 303 పెట్టె మీద పది రాగాలు వాయించి రికార్డు చేశాడు. వాళ్ళ సంగతి ఆయనకు తెలియదు, ఆయన సంగతి వాళ్ళకు తెలియదు. ఆ రికార్డు 2010లో మళ్ళీ విడుదలైతే గానీ లోకం చెవిన పడలేదు.

ఫ్రాంకీ, హార్డీ ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే చికాగోలో ఇప్పటికీ తెగని వాదం. నా మటుకు నాకు ఫ్రాంకీ వైపే మొగ్గు. పూనకం ఒక రాత్రిని గెలుస్తుంది. తెల్లవారే దాకా వందలమందిని చేయి పట్టుకొని నడిపించడానికి వేరే ఓర్పు కావాలి. అయితే హార్డీ లేకపోతే కొత్త కుర్రాళ్ళ మొరటు టేపులకు అంత ధైర్యంగా చోటు దొరికేది కాదన్నదీ ఒప్పుకోవాలి.

ఆ కుర్రాళ్ళ సంగతికి వద్దాం. వేసే పాటలు చాలక, తామే పాటలు చేసుకుందామన్న ఆలోచన ఊళ్ళో పుట్టింది. జెస్సీ సాండర్స్ అనే డీజే రికార్డులు ఎవరో ఎత్తుకుపోయారు. వాటిలో అతనికి ప్రాణమైన ఒక రికార్డు ఉంది. అది మళ్ళీ దొరకదని, ఆ పోలికలో తానే ఒకటి చేద్దామని కూర్చున్నాడు. తోడుగా వచ్చినవాడు ఎవరనుకున్నారు? కమిస్కీ పార్క్‌లో సీట్లు చూపించిన విన్స్ లారెన్స్. 1984లో వచ్చిన ఆ 'ఆన్ అండ్ ఆన్'నే మొదటి హౌస్ రికార్డు అని చాలామంది లెక్కవేస్తారు. గొప్ప పాట కాదు. కానీ విన్న ప్రతి కుర్రవాడికీ, ఇంతేనా, నేనూ చేయగలను అనిపించింది. పోస్టాఫీసులో పనిచేసే మార్షల్ జెఫర్సన్ లాంటివాళ్ళు రాత్రిళ్ళు కీబోర్డుల ముందు కూర్చున్నారు.

ఫ్రాంకీ చేతికి యంత్రం వచ్చింది కూడా ఈ రోజుల్లోనే. డెట్రాయిట్ నుంచి డెరిక్ మే అనే కుర్రవాడు అతని రాత్రులు వినడానికి చికాగో వచ్చేవాడు. డబ్బు అవసరపడి తన రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషీన్‌ను ఫ్రాంకీకి అమ్మాడు. ఫ్రాంకీ దాన్ని క్లబ్బులోనే బిగించి, పాత పాటల కింద కొత్త దరువు నడిపాడు. మాత్రకో దెబ్బ, ఎక్కడా తప్పని నాలుగు దెబ్బల నడక. బ్లేడుతో టేపు కోసి సాధించినదాన్ని ఇప్పుడు మీట నొక్కి సాధించవచ్చు.

జేమీ ప్రిన్సిపుల్ అనే బిడియపు కుర్రవాడు ప్రేమించిన అమ్మాయికోసం రాసుకున్న కవితను పాట చేసి, టేపు ఫ్రాంకీ దగ్గరికి చేర్చాడు. అదే 'యువర్ లవ్'. ఫ్రాంకీ దాన్ని రికార్డు కాకముందే నెలల తరబడి వేశాడు. టేపుకు టేపు కాపీలు చేసుకుని ఊరంతా విన్నారు. పాడినవాడు ఐరోపావాడేమో అనుకున్నవాళ్ళూ ఉన్నారు, తమ వీధి పిల్లవాడని నమ్మలేకపోయారు. తరువాత ఇద్దరూ కలిసి దాన్ని దిద్దారు. 1987లో ట్రాక్స్ కంపెనీ విడుదల చేసిన రికార్డు మీద మాత్రం ఫ్రాంకీ పేరే కనిపించింది. ఇది నాకు బాధ కలిగించే విషయం. ఆ గొంతూ, ఆ మాటలూ జేమీవి.

ట్రాక్స్ సంగతి కూడా చెప్పాలి. ఆ కంపెనీ నడిపిన లారీ షెర్మన్ అనే వ్యాపారి సొంతంగా రికార్డులు అచ్చువేసే కర్మాగారం కొన్నాడు. పాత రికార్డులు కరిగించిన వినైల్‌తోనే కొత్తవి పోసేవారు, అందుకే సూది పెడితే చిటపటలు. చికాగో పాటలు లోకానికి చేరింది చాలావరకు ఆ నాసిరకం పళ్ళాల మీదే. మాకు రావలసింది రాలేదని పాటగాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. వాళ్ళలో లారీ హెర్డ్, రాబర్ట్ ఓవెన్స్ 2020లో కోర్టుకెక్కారు.

అమెరికా పట్టించుకోని ఈ పాటలను ఇంగ్లండ్ ఎత్తుకుంది. 1986 సెప్టెంబరులో ఫార్లీ జాక్‌మాస్టర్ ఫంక్ 'లవ్ కాంట్ టర్న్ అరౌండ్' అక్కడి మొదటి పదిలోకి ఎక్కింది. 1987 జనవరిలో స్టీవ్ 'సిల్క్' హర్లీ పాట ఏకంగా మొదటి స్థానం. మన పాఠకులకు కాలం గుర్తుండాలంటే, 1986 కృష్ణగారి 'సింహాసనం' వచ్చిన ఏడాది. డిస్కోకు మారుపేరైన బప్పీలహరి ఆ సినిమాతోనే తెలుగుకు వచ్చారు. అమెరికాలో దహనం చేసిన డిస్కో మన ఊళ్ళ మైకుల్లో అప్పుడే యవ్వనంలో ఉంది.

ఇంగ్లండ్‌లో వెలిగే వేళకు చికాగోలో దీపాలు ఆరుతున్నాయి. పళ్ళరసం క్లబ్బుల మీద నగరపాలకుల కన్ను పడి, అవి కూడా బార్ల వేళలే పాటించాలన్నారు. తెల్లవారని రాత్రితో ఫ్రాంకీకి పనేముంది? పవర్ ప్లాంట్ మూతపడింది. ఎయిడ్స్ గిడ్డంగి తొలి నాట్యగాళ్ళను ఒక్కొక్కరినే తీసుకుపోతోంది. 1987లో కొన్ని నెలలు లండన్‌లో రికార్డులు వేసి, ఫ్రాంకీ తిరిగి న్యూయార్క్ చేరాడు.

మిగతా జీవితం చకచకా చెప్పవచ్చు. డేవిడ్ మొరాలెస్‌తో కలిసి 'డెఫ్ మిక్స్' బృందంలో ఇతరుల పాటలకు నాట్యరూపాలు కట్టాడు. చాకా ఖాన్, మైకేల్ జాక్సన్ లాంటివాళ్ళ గొంతులు అతని చేతిమీదుగా క్లబ్బులకు వెళ్ళాయి. 1991లో ఎరిక్ కప్పర్‌తో చేసిన 'ది విజిల్ సాంగ్' వినండి. ఎవరో సాయంత్రం వేళ ఈల వేసుకుంటూ ఇంటికి నడిచిపోతున్నట్టుంటుంది. ఆ మరుసటి ఏడాది, 1992లో, పోటీదారు రాన్ హార్డీ, ప్రాణస్నేహితుడు లారీ లెవాన్ ఇద్దరూ కన్నుమూశారు. 1998లో గ్రామీ మొట్టమొదటిసారి రీమిక్స్ కళాకారుడికి బహుమతి పెట్టింది. అందుకున్నది ఫ్రాంకీ. 2004 ఆగస్టు 25న చికాగో అతని పేరిట రోజు జరిపి, జెఫర్సన్ వీధిలో ఆ ముక్కకు 'ఫ్రాంకీ నకల్స్ వే' అని బోర్డు కట్టింది. ఆ పని జరిపించడానికి సాయపడినవారిలో అప్పటి రాష్ట్ర సెనేటర్ బరాక్ ఒబామా ఒకరు. 2008లో ఒక పాదం తీసేయవలసి వచ్చింది. అయినా రికార్డులు వేయడం మానలేదు. 2014 మార్చి 31న, మధుమేహం ముదిరి, చికాగోలోనే పోయాడు. అతని రికార్డులు, దాదాపు అయిదు వేలు, ఆ ఊళ్ళోనే స్టోనీ ఐలాండ్ ఆర్ట్స్ బ్యాంక్‌లో భద్రంగా ఉన్నాయి. 2023లో నగరసభ ఆ పాత గిడ్డంగిని చారిత్రక కట్టడంగా ప్రకటించింది.

ఇక 909 డ్రమ్ మెషీన్ అమ్మిన కుర్రవాడి దగ్గరికి వెళ్ళాలి. డెరిక్ మే డబ్బులు జేబులో పెట్టుకొని తిరిగి వెళ్ళిన డెట్రాయిట్ అప్పటికే సగం ఖాళీ అవుతున్న ఊరు. కార్ల కర్మాగారాలు మూతపడుతున్నాయి. ఆ ఊరి శివారు బెల్‌విల్‌లో అతనికి బడినాటి స్నేహితులు ఇద్దరున్నారు. అందులో ఒకడు, హువాన్ అట్కిన్స్, అప్పటికే మనుషుల గొంతుకన్నా యంత్రాల గొంతు మీద మనసు పెట్టుకున్నాడు. రాత్రిపూట రేడియోలో ముఖం చూపని ఒక వ్యాఖ్యాత క్రాఫ్ట్‌వర్క్‌నూ ప్రిన్స్‌నూ పక్కపక్కన వేస్తుంటే, ఆ ముగ్గురూ దీపం ఆర్పి వింటున్నారు. వచ్చే భాగం ఆ గదిలో మొదలవుతుంది.